సంతవీధిలో ఇద్దరు

"జైలుకు వెళ్ళి వచ్చినవానికి పెట్రోలు బంకులో పని దొరికింది. డిగ్రీ చదివి, బి.ఎడ్. చేసి, ఏ కేసూ లేకుండా ఇంట్లో కూర్చున్న మా వాడికి ఎవరు పని ఇస్తారండీ?"

వరంగల్, హన్మకొండ, కాజీపేట సంఘములలో ఈ ప్రశ్న మేము పలుమార్లు విన్నాము. అడిగేవారు కఠినులు కారు. ఆదివారము తప్పక ఆలయమునకు వచ్చేవారు, కానుకలు ఇచ్చేవారు, జైలు పరిచర్యకు వెళ్ళే బృందముల కొరకు ప్రార్థించేవారు. అయినా ఇంట్లో ముప్పది ఏళ్ళు దాటుతున్న కుమారుడో కుమార్తెయో పుస్తకముల ముందు కూర్చుని ఉన్నప్పుడు ఆ ప్రశ్న నోటి వరకు వస్తుంది. దానిని "సణుగుడు" అని కొట్టివేయడము సులభము. అది న్యాయము కాదని మేము తలుస్తున్నాము. ఈ నెల ఈ శీర్షికలో దీనినే నిదానముగా ఆలోచించుదము.

ముందు జైలు సంగతి చూద్దాము. వరంగల్ కేంద్ర కారాగారము ఎరుగనివారు మన పట్టణములో లేరు. నిజాము కాలములో, 19వ శతాబ్దపు చివరి భాగములో కట్టిన ఆ గోడల ప్రక్కనుండి మనమంతా వందలసార్లు నడిచి వెళ్ళినవారమే. లోపల ఖైదీలు మగ్గము నేర్చుకున్నారు, వడ్రంగము నేర్చుకున్నారు, ఇనుప సామాను చేయడము నేర్చుకున్నారు. 2021 జూన్‌లో ఖైదీలను చర్లపల్లి మొదలైన ఇతర జైళ్ళకు తరలించి ఆ కట్టడమును పడగొట్టారు. ఆ స్థలములో 24 అంతస్తుల పెద్ద ఆసుపత్రి నిర్మాణము చేపట్టారు. గోడలు పోయినవి గాని, ఆ గోడల నుండి బయటికి వచ్చిన మనుష్యులు మన మధ్యనే ఉన్నారు. మన వీధిలోనే అద్దెకు ఇల్లు వెదుకుతున్నారు.

తెలంగాణ జైళ్ళ శాఖ చేసిన ఒక మంచి పనిని ఇక్కడ చెప్పుకోవాలి. ఇండియన్ ఆయిల్ సంస్థతో కలిసి జైళ్ళ స్థలములలో పెట్రోలు బంకులు తెరిచింది. మంచి నడవడి గల ఖైదీలతో పాటు విడుదలైనవారికి కూడా అక్కడ జీతము మీద పని ఇచ్చింది. జైళ్ళలో తయారైన సబ్బులు, ఫినాయిలు, దుప్పట్లు, ఫర్నిచరు "మై నేషన్" అనే పేరుతో అమ్మించింది. బండి ఆపి పెట్రోలు పోయించుకునే మనకు, గొట్టము పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియదు. డబ్బు లెక్కపెట్టి, చిల్లర సరిగా ఇచ్చి, "సరే సార్" అని పంపుతున్నాడు. ఒకప్పుడు ఎవరూ నమ్మని చేతికి నేడు గల్లాపెట్టె అప్పగించారు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఇటువంటి పనులు ఎన్ని? విడుదలయ్యే వారందరితో పోల్చితే బహు కొద్ది. మిగిలినవారు బయటి లోకములోనే పని వెదుక్కోవాలి. మగ్గము నేర్చుకుని వచ్చినవాడు ఎక్కడికి పోవాలి? వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని కొత్తవాడలో తాతల నాటి నుండి మగ్గము మీద బ్రతికిన కుటుంబముల పిల్లలే ఆ పని విడిచి పోతున్నారు. అనుభవమున్న నేతగానికే గిట్టుబాటు కాని పనిలో జైలులో నేర్చుకున్నవాడు ఎలా నిలబడగలడు? అందుచేత అతడు అడ్డా మీదికి వస్తాడు, లేక ఊరు విడిచి పోతాడు, లేక పాత స్నేహితులు పిలిచిన చోటికి పోతాడు. ఈ మూడవ దారి ఎక్కడికి చేరుస్తుందో మనకు తెలుసు.

మరియొక సంగతి గుర్తుంచుకోవాలి. జైలులో ఉన్నవారందరూ నేరము రుజువైనవారు కారు. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022 చివర మన దేశపు జైళ్ళలో దాదాపు 5 లక్షల 73 వేల మంది ఉండగా, వారిలో సుమారు 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురి విషయములో కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు. బెయిలుకు జామీను దొరకక నెలల తరబడి లోపల ఉండి, తరువాత నిర్దోషిగా బయటికి వచ్చినవాడిని కూడా మన వీధి "జైలుకు పోయి వచ్చినవాడు" అనే పిలుస్తుంది. కోర్టు విడిచిపెట్టినా వీధి విడిచిపెట్టదు.

ఇక రెండవ వాని సంగతి. చదువుకుని పని లేక ఉన్న మన బిడ్డ సంగతి.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వేల కుటుంబములకు అన్నము పెట్టింది. సైరను కూతతో పట్టణము లేచి, సైరను కూతతో నిద్రించిన రోజులు పెద్దలకు జ్ఞాపకమున్నవి. ఈ శతాబ్దపు ఆరంభములో అది పూర్తిగా మూతపడింది. ఆ తరము వారి పిల్లలు మిల్లు లేదు గనుక చదువును నమ్ముకున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయము ఉన్నది, ఇంజనీరింగు కళాశాలలు ఉన్నవి, పట్టాలు వచ్చినవి. పనులు మాత్రము పట్టాలంత వేగముగా రాలేదు. "నీళ్ళు, నిధులు, నియామకాలు" అనే మాట మీద ఒక రాష్ట్రమే ఏర్పడింది. ఆ ఉద్యమములో ముందు నడిచినవారు ఈ విద్యార్థులే.

తరువాత ఏమి జరిగిందో తెలిసినదే. 2022 అక్టోబరు 16న 503 గ్రూప్-1 పోస్టులకు ప్రాథమిక పరీక్ష జరిగింది. లక్షల మంది రాశారు. 2023 మార్చిలో ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన సంగతి తెలియడముతో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మరల రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దానిని కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చింది. మరల మొదటి మెట్టు. ఒకే ఉద్యోగము కొరకు ఒకే పరీక్షను మూడుసార్లు రాసిన యువతీ యువకులు మన సంఘములలో ఉన్నారు. గదికి అద్దె, కోచింగు ఫీజు, గ్రంథాలయములో చోటు కొరకు తెల్లవారకముందే లేవడము, ఇంటికి ఫోను చేసినప్పుడు "ఇంకా ఏమైంది బిడ్డా?" అని అడిగే తల్లి గొంతు, ఇవన్నీ మూడుసార్లు. ఉద్యోగము రాలేదన్న వేదనతో ప్రాణము తీసుకున్న బిడ్డలను కూడా మన ప్రాంతము చూచింది. కాబట్టి ఆ తండ్రి ప్రశ్నలో ఉన్నది అసూయ కాదు, భయము.

ఈ భయమునకు మన ప్రాంతములో ఇంకొక కారణము కూడా ఉన్నది. దశాబ్దముల తరబడి అడవిలో తుపాకీ పట్టినవారు లొంగిపోయినప్పుడు, వారి తలపై ప్రకటించిన బహుమతి సొమ్మును వారికే ఇచ్చి పునరావాసము కల్పించడము ప్రభుత్వ విధానము. రక్తపాతము ఆగడానికి అది మేలైన మార్గమే. అయితే "తుపాకీ పట్టినవానికి చెక్కు, పుస్తకము పట్టినవానికి హాల్ టికెట్టు" అని చదువుకున్న పిల్లవాడు అన్నప్పుడు, అతని నోరు మూయించే ముందు ఒక్క క్షణము ఆగాలి. అతడు హింసను కోరడము లేదు. మంచిగా బ్రతికినందుకు నన్ను ఎవరూ చూడడము లేదే అని అంటున్నాడు.

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానము (మత్తయి 20) ఇటువంటి చోట మనము తరచుగా ఎత్తి చూపుతాము. ప్రొద్దున వచ్చిన పనివారు సాయంత్రము వచ్చినవారిని చూచి సణిగారు, యజమాని వారిని గద్దించాడు, కాబట్టి మీరూ సణగకండి అని బోధిస్తాము. కాని ఆ కథను జాగ్రత్తగా చదివితే ఒక భేదము కనబడుతుంది. అక్కడ ప్రొద్దున వచ్చినవానికి పని దొరికింది, ఒప్పుకున్న కూలి చేతికి వచ్చింది. సాయంత్రము వచ్చినవానికి కూడా కూలి వచ్చింది. ఎవరి చోటునూ ఎవరూ తీసుకోలేదు. మన పట్టణములో అలా కాదు. ఇక్కడ చదువుకున్న బిడ్డ తోటలోని ప్రొద్దుటి పనివాడు కాడు. అతడు కూడా ఎవరూ పనికి పిలువలేదని చెప్పుకుంటూ సంతవీధిలో చీకటి పడేవరకు నిలిచినవాడే. జైలు నుండి వచ్చినవాడు, పట్టా చేతిలో ఉన్నవాడు, ఇద్దరూ ఒకే సంతలో ప్రక్కప్రక్కన నిలిచి ఉన్నారు. ఆ ఉపమానముతో మనము ఒకరిని కొట్టి మరియొకరిని ఓదార్చకూడదు.

అక్కడే మనము ఇంకొక సంగతి గ్రహించాలి. ఆ చదువుకున్న బిడ్డ ఉద్యోగమును బంకులో పనిచేసేవాడు తీసుకోలేదు. మిల్లు మూసినవాడు అతడు కాదు. ప్రశ్నపత్రము అమ్మినవాడు అతడు కాదు. ఖాళీలు నింపక ఏళ్ళ తరబడి ఊరకున్నది అతడు కాదు. ఆకలిగా ఉన్న ఇద్దరు ఒక రొట్టెముక్క కొరకు కొట్లాడుతుంటే, రొట్టెల గంప ఎక్కడికి పోయినదని అడిగేవారు ఉండరు. ఇద్దరి మధ్య ఈ తగవు పెట్టడములో మనము భాగస్థులము కాకూడదు.

మరి సంఘముగా మనము చేయగలిగినది ఏమి?

పాత అనుభవము ఒకటి మన తెలుగు నేలపైనే ఉన్నది. బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురము సంగతి. 1871లో బ్రిటిషువారు చేసిన నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములలో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే నేరస్థునిగా ఎంచింది. ఆ చట్టము క్రింద 1910ల కాలములో ఎరుకల కుటుంబములను తెచ్చి అక్కడ ఉంచి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మన క్రైస్తవ సహోదరులు అక్కడ బడి పెట్టారు, ఆరాధన జరిపారు, పొలము పని చూపారు. చీరాల పొగాకు కంపెనీలో కూడా వారికి పని దొరికింది. మంచి ఉద్దేశము లేదని అనలేము. అయితే హాజరు వేయించుకోకుండా ఊరు దాటరాని మనిషికి ఇచ్చిన పని అది. పని ఇచ్చారు గాని నమ్మకము ఇవ్వలేదు. స్వాతంత్ర్యము తరువాత 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయింది. పేరు మీద మచ్చ మాత్రము పోలేదు. సినిమాలు ఆ ఊరి పేరును దొంగతనమునకు మారుపేరుగా వాడుకున్నవి. ఏ తప్పూ చేయని ఆ ఊరి పిల్లవాడు దరఖాస్తులో ఊరి పేరు రాయడానికి జంకవలసి వచ్చింది.

1970లలో హేమలతా లవణము గారు, ఆమె భర్త లవణము గారు అక్కడికి వెళ్ళారు. హేమలత గారు మహాకవి జాషువా గారి కుమార్తె. ఈ దంపతులు నాస్తిక ఉద్యమమునకు చెందినవారు. "సంస్కార్" సంస్థ ద్వారా వారు ఆ ఇండ్లలో కూర్చుని, ఆ జనుల తరపున అధికారులతో మాట్లాడి, వారిని నమ్మవచ్చునని ఇతరులకు చెప్పారు. దేవుని ఎరుగని వారమని చెప్పుకున్నవారు మన కంటె ముందుగా ఒకరి కొరకు పూచీ నిలిచిన సంగతి మనలను ఆలోచింపజేయాలి.

పూచీ అనే ఈ మాట దగ్గరే మనము ఆగాలని మా మనవి. పరిశుద్ధ గ్రంథములో ఒక చిన్న పత్రిక ఉన్నది, ఫిలేమోనుకు వ్రాసినది. యజమాని ఇంటి నుండి వెళ్ళిపోయి, బహుశః నష్టము కూడా చేసిన ఒనేసిమును పౌలు తిరిగి పంపుతున్నాడు. పౌలు అతని గతమును దాచలేదు. ఒకప్పుడు నీకు పనికిరానివాడే అని ఒప్పుకున్నాడు. జరిగిన నష్టమును తేలికచేయలేదు. అతడు నీకు ఏమైనా బాకీ ఉంటే ఆ లెక్క నా పేర వ్రాసుకో అన్నాడు. తాను చెరసాలలో ఉండి, చేతిలో కాసు లేకుండా, ఈ మాట అన్నాడు. సిఫారసు ఉత్తరములు వ్రాయడము మనకు అలవాటే. "ఇతని వలన నష్టము వస్తే నేను భరిస్తాను" అని వ్రాసిన సిఫారసు ఎన్నడైనా వ్రాశామా?

దీని నుండి కొన్ని సాధారణమైన సంగతులు మా మనస్సుకు తోచినవి.

మొదటిది, సత్యము. ఉద్యోగపు ఫారములో కేసు సంగతి అడిగినప్పుడు దాచమని మన బిడ్డలకు సలహా చెప్పవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమును విపులముగా చెప్పింది. అడిగిన సమాచారమును అభ్యర్థి నిజముగా ఇవ్వాలి. ఇచ్చిన తరువాత యజమాని కూడా ఆ నేరము ఎటువంటిది, చిన్నదా పెద్దదా, ఆ ఉద్యోగమునకు దానికి సంబంధమేమి అని ఆలోచించి నిర్ణయించాలి. మంచి నడవడి షరతు మీద కోర్టు విడిచిన వారికి 1958 నాటి ప్రొబేషను చట్టము, బాల్యములో తప్పు చేసిన వారికి 2015 నాటి బాలల న్యాయ చట్టము కొంత రక్షణ ఇస్తున్నవి. ఈ సంగతులు తెలిసిన న్యాయవాదులు మన సంఘములలో ఉన్నారు. నెలకు ఒక్క సాయంత్రము వారు కూర్చుంటే ఎంతో మేలు.

రెండవది, వివేకము. క్షమించుట వేరు, అప్పగించుట వేరు. పిల్లలకు హాని చేసినవానిని బడిలోనో వసతి గృహములోనో ఉంచడము ప్రేమ కాదు. తోటలో, వంటశాలలో, ముద్రణాలయములో, డ్రైవరుగా, వడ్రంగిగా చేయగల పనులు ఎన్నో ఉన్నవి. ఏ మనిషికి ఏ పని అనేది ఆలోచించి ఇవ్వాలి.

మూడవది, నష్టపోయినవారు. దొంగిలించబడిన ఇల్లు, కొట్టబడిన మనిషి, విధవరాలైన స్త్రీ, వీరిని మరచి మనము నేరస్థుని కౌగిలించుకుంటే అది సగము సువార్తే. జక్కయ్య ప్రభువును ఇంటికి చేర్చుకున్న రోజుననే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. 1998లో సుప్రీంకోర్టు ఖైదీల కూలి గురించి తీర్పు చెప్పినప్పుడు, న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత భాగము బాధితుల కొరకు తీసిపెట్టే ఏర్పాటు చేయాలని కూడా చెప్పింది. పని దొరికితేనే తిరిగి ఇవ్వడము సాధ్యము. దొంగిలినవాడు ఇక దొంగిలక తన చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవానికి పంచాలని ఎఫెసీ సంఘమునకు పౌలు చెప్పిన బోధలో ఈ మూడు మెట్లూ ఉన్నవి.

నాలుగవది, న్యాయమైన వరుస. ఇది సంఘముల ఆధీనములో ఉన్న బడులు, ఆసుపత్రులు, వసతి గృహములు నడిపే పెద్దలకు మా విన్నపము. ఖాళీ ఏర్పడినప్పుడు అందరికీ తెలిసేలా ప్రకటించండి. కమిటీ సభ్యుని మేనల్లునికి ముందే నిర్ణయించి, తరువాత ఇంటర్వ్యూ పెట్టవద్దు. చదువుకున్న బిడ్డలకు జరిగే అన్యాయములలో ఎక్కువ భాగము ఈ చాటుమాటు నియామకములే. జైలు నుండి వచ్చినవానిని వరుసలో ముందుకు నెట్టనక్కరలేదు, వరుసలో నుండి బయటికి నెట్టకుండా ఉంటే చాలు. వరుస నిజముగా ఉన్నదని నమ్మకము కలిగితే ప్రక్కవానిని చూచి ఎవరూ మండిపడరు.

ఐదవది, పూచీ. ప్రతి సంఘము సంవత్సరమునకు ఒక్క మనిషిని ఎన్నుకుని, ఇద్దరు పెద్దలు అతని కొరకు నిలవాలి. యజమానితో మాట్లాడాలి, మొదటి ఆరు నెలలు వారానికి ఒకసారి అతని ఇంటికి వెళ్ళాలి, చిన్న నష్టము వస్తే సంఘ నిధి నుండి భరించాలి. అదే విధముగా పోటీ పరీక్షలకు సిద్ధపడుచున్న బిడ్డలకు పాస్టరు గారి ఇంటి ముందు గదిని చదువుకునే గదిగా తెరవాలి. ఆదివారము తప్ప తక్కిన దినములలో మన ఆలయ హాళ్ళు తాళము వేసి ఉంటున్నవి. ఫ్యాను, దీపము, మంచినీళ్ళు, నాలుగు వార్తాపత్రికలు, ఇంతే కావలసినది. ఫలితములు వచ్చిన రోజున, రాని బిడ్డ ఇంటికి కూడా వెళ్ళాలి. వచ్చిన ఇంటికి అందరూ వెళ్తారు.

ఈ రెండు పనులను వేరువేరుగా చేయవద్దని మా కోరిక. ఒక సంఘము జైలు పరిచర్యను గొప్పగా చేసి, తన యువకుల నిరాశను పట్టించుకోకపోతే ఆ యువకులు ఆ పరిచర్యనే ద్వేషిస్తారు. తన పిల్లల ఉద్యోగములే లోకమనుకున్న సంఘము చెరసాలలోని వారిని మరచిపోతుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెరలో ఉన్నవారిని, మనము కూడ వారితో చెరలో ఉన్నట్టే జ్ఞాపకము చేసుకోమంటున్నది. అదే మాట నిరుద్యోగి పట్ల కూడా నిజమే. మనము కూడ అతనితో సంతవీధిలో నిలిచి ఉన్నట్టు తలంచాలి.

ఆ తండ్రి ప్రశ్నకు మా జవాబు ఇదే. అయ్యా, మీ అబ్బాయి పట్ల మేము చేయవలసినది ఉన్నది, చేయలేదు. ఆ బంకులోని అబ్బాయి పట్ల కూడా చేయవలసినది ఉన్నది. ఒకని అన్నము మరియొకని పళ్ళెములో నుండి తీసి పెట్టమని మేము అడగము. ఇద్దరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టమని అడుగుతాము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. మన వీధిలో, మన బంధువులలో జైలుకు వెళ్ళి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? వారిని మనము ఏ పేరుతో పిలుస్తున్నాము?

2. మన ఇంట్లో ఉద్యోగము కొరకు ఎదురుచూచే బిడ్డతో ఈ వారములో ఫలితముల సంగతి కాక వేరే ఏమి మాట్లాడాము?

3. మన దుకాణములో, పొలములో, కార్యాలయములో ఒక్కరికైనా పని ఇవ్వగల చోటు ఉన్నదా? ఉంటే, అతని లెక్క మన పేర వ్రాసుకొమ్మని చెప్పే ధైర్యము కొరకు ప్రార్థించుదము.